రెండో ‘పడ్డది’: మనూర్ నుంచి కల్హేర్ దాకా ఒక పాత జీపు

మా ఇంట్లో దుఃఖానికి లెక్కపెట్టిన గదులే ఉన్నాయి. చుట్టం పోతే ఏడవచ్చు, మొగుడు పోతే ఏడవచ్చు. స్నేహితుడు పోతే ఏడ్చే ఆడపిల్లను ఏ గదిలో కూర్చోబెట్టాలో వాళ్లకు తోచలేదు. నరేష్ పోయాక నేను సరిగా తినడం లేదని గమనించి అమ్మా, మా మేనత్తా కలిసి ఒక నిర్ణయానికి వచ్చేశారు, మా ఇద్దరి మధ్య ఏదో ఉండేదని. అప్పటి నుంచి నన్ను తిట్టడం మానేశారు. అదే భరించలేకపోయాను. తిడితే ఎదురు చెప్పొచ్చు, క్షమిస్తే ఏం చెప్తాం? ఒకరోజు అన్నం పెడుతూ అమ్మ మెల్లగా, “ముందే చెప్తే మేం వద్దంటుంటిమా బిడ్డా” అంది. ఏమీ లేదమ్మా అన్నాను. సరేలే అంది. నమ్మనివాళ్లు అనే సరేలే అది.

మా మధ్య ఉన్నది ఒక జీపు. మిలిటరీ వేలంలో ఎవరో కొని, తర్వాత ఏళ్ల తరబడి రేకుల షెడ్డులో వదిలేసిన పాత బండి. నాలుగు చక్రాలూ లాగే రకం. కాలేజీ చివరి సంవత్సరంలో నరేష్, కిరణ్, నేను ముగ్గురం కలిసి తెచ్చుకున్నాం. కిరణ్‌ది సంగారెడ్డి. వాళ్ల మేనమామ వెల్డింగ్ షాపు వెనక ఖాళీ స్థలంలో దాన్ని మొత్తం విప్పి మళ్లీ బిగించాం. బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్చి జానెడు ఎత్తు లేపాం. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్క నుంచి పైకప్పు దాకా తీసుకెళ్లాం, నీళ్లలోకి దిగినా ఆగిపోకుండా. బురద టైర్లు వేశాం. నా గోళ్లలో గ్రీజు చూసి అమ్మ అప్పుడే ఏదో ఊహించుకుని ఉండాలి.

అలాంటి పాత బండ్లలో ముందు చక్రాలు మామూలుగా ఊరికే తిరుగుతుంటాయి. వాటిక్కూడా ఇంజను బలం అందాలంటే కిందికి దిగి, ఒక్కో చక్రం మధ్యలో ఉండే చిన్న పిడిని చేత్తో తిప్పాలి. ఆ పిడి ఉన్న భాగాన్ని హబ్బు అంటారు. ఒకటి తిప్పి ఒకటి వదిలేస్తే రెండూ వదిలేసినట్టే. బలమంతా వదిలేసిన వైపు వృథాగా పోతుంది. నరేష్ నడిపేవాడు కాబట్టి కుడి హబ్బు అతనిది. ఎడమ సీటులో నేను కూర్చునేదాన్ని కాబట్టి ఎడమది నాది. కిరణ్ ఎప్పుడూ వెనక, పార పట్టుకుని. పిడి తిరిగి టక్కున పడగానే ఆ వైపు మనిషి “పడ్డది” అని అరవాలి. రెండు పడ్డదులు వినిపిస్తేనే లోపల, ముందు చక్రాలకు బలం పంపే రెండో గేరు రాడ్డును ముందుకు తోసేది. ఈ పద్ధతి నరేష్ పెట్టిందే. వానాకాలం వస్తే నారాయణఖేడ్ చుట్టుపక్కల నల్లరేగడి బాటల్లో తిరిగి, బండిని నరేష్ వాళ్ల ఊరు మనూర్‌లోనే వదిలి బస్సులో వెనక్కి వచ్చేవాళ్లం.

బురదలో, వాగుల్లో, రాళ్లలో అంతంత తిరిగినవాడు నున్నటి తారు రోడ్డు మీద, సొంత బైకు మీద, తన తప్పేమీ లేకుండా పోయాడు. ఆరు నెలలైంది. పోయిన వారం వాళ్ల నాన్న విఠల్ కాక ఫోన్ చేశాడు. వాకిట్లో బండిని చూడలేకపోతున్నారట. కల్హేర్‌లో చెరుకు పండించే ఒకాయన తీసుకుంటానన్నాడట, మాట కూడా ఇచ్చేశాడట. “నాకు నడపొస్తదా బిడ్డా. మీరే వచ్చి ఆడిదాక తోలుండ్రి” అన్నాడు. కాగితాలు నరేష్ పేరు మీదే ఉన్నాయి. మేం కాదనడానికి ఏముంది? పోనీ, ఆఖరిసారి మనమే నడిపి అప్పగిద్దాం అనుకున్నాం నేనూ కిరణూ.

ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను, సొంత బండి లేకపోయినా ఇబ్బంది లేదు. హైదరాబాద్ నుంచి సంగారెడ్డి, జోగిపేట మీదుగా నారాయణఖేడ్ బస్సులు పొద్దున్నుంచే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ అయితే మూడు గంటలు దాటుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. కిరణ్ టికెట్ కొంటూ, “నరేష్ గాడుంటే ఈ టికెట్ మీద జోగిపేట దాకా ఏడిపిస్తుండె నన్ను” అన్నాడు. ఖేడ్‌లో దిగగానే డీజిల్ డబ్బా నింపుకున్నాం. లోపలి ఊళ్లలో దొరుకుతుందని నమ్ముకోకండి. డిపో బయట మనూర్ వైపు షేర్ ఆటోలు నిండితేగానీ కదలవు. మనిషికి యాభై లోపే తీసుకుంటారు. మా ఆటోలో ఒక ముసలమ్మ నా ప్యాంటు, బూట్లు, కిరణ్ చేతిలో డబ్బా చూసి, “సర్వేకొచ్చిన్రా?” అని అడిగింది. కాదు, బండి కోసం అన్నాను. “ఆటోలుంటయి గదా, బండెందుకు?” అంది. నిజమే, ఎందుకో ఆమెకు చెప్పడం కష్టం.

జీపు వాకిట్లో ఎప్పటిలా వేపచెట్టు కింద లేదు, ఎండలోకి నెట్టి ఉంది. బానెట్ మీద కందులు ఎండబోశారు. నరేష్ అమ్మ తుల్జమ్మ ఫుట్‌బోర్డు మీద కూర్చుని చేటలో రాళ్లు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి, ముందు కందులన్నీ సంచిలోకి ఎత్తింది. తర్వాత జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తింటుంటే నా ఎదురుగా కూర్చుంది. అందరూ అడిగేదే ఈమె కూడా అడుగుతుందని నాకు భయం. ఆమె అడిగింది వేరు.

“మా నరేషు మీతోని ఏం ముచ్చట వెడుతుండె?”

ఇన్ని నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పాలంటే ఎంతో ఉందనిపించింది. వెతికితే దొరికింది ఇంతే. “బండి ముచ్చటే చిన్నమ్మా” అన్నాను.

ఆమె కొంచెం నవ్వింది. “ఇంట్ల గూడ గంతే” అంది.

ఇంజను రెండో ప్రయత్నానికే అందుకుంది. ఆ చప్పుడు వినగానే తుల్జమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. నరేష్ సీటులో నేను కూర్చున్నాను. విఠల్ కాక తెల్లటి టవల్ తలకు చుట్టుకుని ఎడమ సీటులో, కిరణ్ ఎప్పటిలాగే వెనక. కొడుకు బతికుండగా కాక ఆ బండి ఎన్నడూ ఎక్కలేదట. రమ్మని పిలిస్తే, అది బండా, దవాఖాన మంచమా, ఎముకలన్నీ కదులుతయి అనేవాడట. అది చెప్పి, ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

తారు రోడ్డు ఎక్కి ఖేడ్ మీదుగా వెళ్తే కల్హేర్ నేరుగా చేరొచ్చు. మేం మాత్రం ఖేడ్ దాకా ఊరి వెనక నుంచి వాగు దాటి పోయే బండ్ల బాట పట్టాం. ఆఖరిసారి అయినప్పుడు బండికి తెలిసిన దారిలోనే పోవాలనిపించింది. అటు పత్తి, ఇటు కంది. ముందురోజు వాన పడింది. ఈ నేల ఎండితే రాయి, తడిస్తే వెన్న. టైర్లలో గాలి సగానికి సగం తగ్గిస్తే చక్రం పరుచుకుని పట్టు దొరుకుతుంది. కిరణ్ ఆ పని చేశాడు. వాగు ఒడ్డున ఆపి దిగాను. ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి పిడి తిప్పాను. టక్కుమంది. “పడ్డది” అని అరిచాను.

అరిచి అక్కడే నిలబడ్డాను. ఏదో వినపడాలని చెవి ఎదురు చూస్తోంది. వినపడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను దుఃఖం అనుకున్నాను. కళ్లు తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్లి సీటులో కూర్చున్నాను. వెనక కిరణ్ కూడా తల దించుకుని ఉన్నాడు. రాడ్డు ముందుకు తోసి వాగులోకి దిగాను.

నీళ్లు మోకాలిలోతు కూడా లేవు, సులువుగానే దాటాం. అవతలి ఒడ్డు ఎక్కుతుంటే వెనక చక్రాలు రేగట్లో జారడం మొదలుపెట్టాయి. ముందువి లాగాలి. లాగలేదు. కొంచెం ఎక్కువ తొక్కాను, బండి ఇంకొంచెం దిగబడింది. రేగడిలో చేయకూడని పని అదే. ఆపేశాను. ఆఖరి రోజునే మొరాయించిందే అనుకున్నాను. ముందు ఇరుసులో ఏదో విరిగి ఉంటుందన్నాడు కిరణ్. విరిగితేనే మంచిదేమో, చెరుకాయన వద్దంటాడు అని కూడా అన్నాడు. అప్పటిదాకా ఏమీ మాట్లాడని విఠల్ కాక నా వైపు తిరిగాడు.

“ఒక్కసారే అన్నవేంది బిడ్డా? మా వాకిట్లకెళ్లి పోంగ రెండుసార్లు ఇనొస్తుండె గదా.”

కుడి చక్రం నా తలుపు పక్కనే ఉంది. పోయేటప్పుడు దాన్ని దాటుకుంటూ వెళ్లాను, వచ్చేటప్పుడు దాన్ని దాటుకుంటూ వచ్చాను. ఎడమది నాది, తిప్పాను. కుడిది నాది కాదు. అతని సీటులో కూర్చుని, అతని స్టీరింగు పట్టుకుని, అతని పని మాత్రం అతను చేస్తాడనే అనుకున్నాను. ఆరు నెలల్లో ఒక్క కన్నీటిచుక్క కూడా చూపించని కిరణ్, వెనక పార మీద తల ఆనించి ఏడ్చాడు. నాకు అప్పుడు ఏడుపు రాలేదు.

దిగబోతుంటే కాక చెయ్యి అడ్డం పెట్టాడు. చెప్పులు విడిచి, ధోవతి పైకి చెక్కుకుని, తనే దిగి కుడి వైపుకు వచ్చాడు. ఎట్ల తిప్పాలె అని అడిగాడు. గడియారం తిరిగే వైపు కాకా, గట్టిగా అన్నాను. బురదలో చెయ్యి మోచేతి దాకా పెట్టి వెతుక్కున్నాడు. మొదటిసారి జారింది. రెండోసారి టక్కుమంది. ఆయన అరవలేదు. చక్రంతో చెప్పినట్టుగా, మెల్లగా “పడ్డది” అన్నాడు. ఆ చెయ్యి కడుక్కోకుండానే ఎక్కి కూర్చున్నాడు. బండి ఒక్క ఊపుతో ఒడ్డు ఎక్కింది.

ఖేడ్‌లో గాలి పట్టించుకుని కల్హేర్ చేరేసరికి ఎండ వాలింది. చెరుకాయన పేరు బసప్ప. మంచి మనిషే, మర్యాదగా చాయ్ తెప్పించాడు. బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. గాలి గొట్టం చూసి, “ఏంది, గీ బండి చుట్ట తాగుతదా?” అని నవ్వాడు. కిరణ్ కూడా నవ్వాడు. తర్వాత బసప్ప కిందికి వంగి చూసి తన ఆలోచన చెప్పాడు. ముందు ఇరుసు విప్పి తుక్కుకేస్తాడు, అది ఉత్తగ డీజిల్ తాగుతుందట. కమాన్లు దించి, వెనక కోసి, చెరుకు ట్రాలీ కడతాడు. “గీ పిడీలు గిడీలు మనకెందుకు? రేపే ఇప్పించేస్త” అన్నాడు.

“ఇస్తలేము” అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అన్నాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. బసప్ప నన్ను వదిలేసి కాకను చూశాడు. “విఠల్, మాటంటే మాట గదా. ఆడివిల్ల అన్నదని తిరుగుతవా?” అన్నాడు. కాక తన చేతిని చూసుకున్నాడు. దాని మీద రేగడి ఎండి పగుళ్లు తేలుతోంది.

“మాట నాది, తప్పిన అనుకో. బండి పిల్లలది” అన్నాడు.

ఆయన సంతోషంగా అన్నాడని ఎవరూ అనుకోవద్దు. మాట పోగొట్టుకున్న మనిషి ఆయన. ఇకపై ఏ అంగట్లోనైనా బసప్ప ఎదురుపడితే తల దించుకోవాల్సింది ఆయనే. తిరిగి వస్తూ ఖేడ్‌లో ఆటో దగ్గర దింపితే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, “మా వాకిట్ల మాత్రం మల్ల వెట్టకు బిడ్డా. అది దినాం దాంట్ల కూసుంటది, ఇగ లేస్తలేదు” అన్నాడు. తుల్జమ్మ గురించే. ఆయన కోరినదాంట్లో సగమైనా జరిగింది, బండి ఆ వాకిట్లోంచి పోయింది. అయితే సాయంత్రం ఆమె కంది చేట పట్టుకుని బయటికి వచ్చి ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు. ఆ ఆలోచన జోగిపేట దాకా నాతో వచ్చింది, సంగారెడ్డిలో కిరణ్ దిగిపోయాక కూడా ఉంది.

అతను లేడని నాకు తెలుసు. మట్టి వేసేటప్పుడు చూశాను, పదో రోజు భోజనం తిన్నాను. తెలియడం ఒకటి, కుడి చక్రం దాకా నడవడం ఒకటి. వాగు ఒడ్డున నిలబడి జవాబు కోసం చెవి పెట్టినప్పటి దాకా, ఎక్కడో లోపల, అతని పనులు అతనికే వదిలి ఉంచాను. ఇంట్లో వాళ్లు వెతుకుతున్న పేరు దీనికి లేదు. ఒక బండికి రెండు వైపులా ఇద్దరు మనుషులు ఉండేవారు, ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకాదు.

పాత ఫోర్‌వీల్ బండి తీసుకుని ఈ రేగడి బాటల్లోకి దిగేవాళ్లకు ఒక్క మాట. హబ్బులు గట్టి నేల మీదే వేసుకోండి, బురదలోకి దిగాక కాదు. పక్కవాడు వేశాడులే అనుకోకండి. నడిపేవాళ్లే దిగి, చుట్టూ తిరిగి, రెండు చక్రాలనూ తమ చేత్తో ముట్టుకుని చూడాలి.

జీపు ఇప్పుడు మా గేటు ముందు, రేగడి కడగకుండానే ఉంది. అమ్మ బాల్కనీలోంచి దాన్ని చూసింది, నన్ను చూసింది, తనకు తెలిసిందే మళ్లీ అనుకుంది. మేనత్త ఫోన్ చేస్తోంది. ఆదివారం ఎవరో నన్ను చూడ్డానికి వస్తారట. ఆదివారం నేను ఉండను, వాన పడితే మనూర్ వాగు దగ్గర ఉంటాను. బండి నా దగ్గరే ఉంటుంది.