శేషమ్మ మల్లెపాదు

కంభంలో రోడ్డు వెడల్పు కోసం ఇళ్ళు పడగొడుతుంటే, ఆ రాళ్ళూ మట్టీ తోలే ట్రాక్టరు నాగులుది. అతని భార్య నాగవేణి కూడా వెంట వెళ్ళేది. జేసీబీ రాకముందే గునపంతో కరివేపాకు, మందారం, నందివర్ధనం వేళ్ళతో సహా తవ్వి తడి గోనెపట్టలో చుట్టుకునేది. పగలని నాపరాళ్ళు ఏరి తెచ్చి పెరట్లో దారి పరిచింది.

శేషమ్మ మల్లెపాదుతోనే గొడవ వచ్చింది. ఇల్లు పోయి మేడమీద అద్దె వాటాలో చేరిన ఆ పెద్దామె, పాదును తానే పిలిచి ఇచ్చింది. వారం తిరగకుండానే చూడడానికి వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. నీళ్ళు ఎక్కువయ్యాయనేది, పందిరి వంకరగా ఉందనేది. మొగ్గలన్నీ ఒళ్ళోకి కోసుకుని, ఏదో దానం చేస్తున్నట్టు నాలుగు నాగవేణి చేతిలో పెట్టి పోయేది. మొగుడితో చెప్పుకుంటే, పెద్దామె కదా పోనిమ్మనేవాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది.

ఏప్రిల్‌లో ఒకరోజు, పాదుకు వేసిన ఎరువు పచ్చిదంటూ శేషమ్మ చేత్తో గోకి అవతల పారేసింది. నాగవేణి బకెట్ కింద పెట్టింది.

“ఇంత బాధ ఎందుకత్తా? నీ చెట్టు నువ్వే తీసుకపో.”

శేషమ్మ చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. నాగవేణికి ప్రాణం హాయిగా అనిపించింది. నాలుగో రోజు గేటు ముందు ఆటో ఆగింది. శేషమ్మ గునపంతో, ఒక కూలిమనిషితో దిగింది. మేడమీద డ్రమ్ములో పెట్టుకుంటుందట.

నాగవేణి పరుగున వచ్చి కూలిమనిషి చేతిలోని గునపం లాక్కుంది.

“తీసుకపొమ్మంటివి కదా,” అంది శేషమ్మ.

“ఏదో కోపంలో అన్నా. ఈ ఎండలో పెరికి దాన్ని సంపుతావా ఏంది?”

శేషమ్మ అక్కడే కూలబడి, ఆ మేడమీద తనకు పిడికెడు మట్టి కూడా లేదని చెప్పింది. నాగవేణి గునపం పక్కన పడేసింది. విసురుగా వెళ్ళి పాత పెయింటు బకెట్ తెచ్చి, మట్టి నింపి, ఒక కొమ్మను వంచి అందులో అంటు తొక్కింది.

వానలు పడ్డాక వేళ్ళు దిగాయి. పాదు నుంచి కొమ్మను కోసి, బకెట్ శేషమ్మకు ఇచ్చి పంపింది. ఇక ఈమె బాధ తప్పిందనుకుంది.

మర్నాడు పొద్దున్నే శేషమ్మ గేటు తీసింది. ఆకులు పసుపు పచ్చబడుతున్నాయట, ఎందుకో వచ్చి చూడమంది. ఈసారి ఆమె అడగడానికే వచ్చింది, తప్పులు చెప్పడానికి కాదు. నాగవేణి కుచ్చిళ్ళు దోపుకుని, గొణుక్కుంటూనే ఆమె వెంట బయల్దేరింది.