రెండుసార్లు చూసే మా బావ

మా బావ బస్టాండులో మైకు మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పాడు. నాది అదే బస్టాండులో పార్సిలు కౌంటరు. మా అక్కని ఆయనకిచ్చింది కూడా ఆ గొంతు విని. మా నాన్న ఒకరోజు బస్సు కోసం కూర్చుని విని విని, "ఇంత నిదానంగా మాట్లాడేవాడు పెళ్లాన్ని కసురుకోడు" అని తేల్చేశాడు. నిజంగానే ఇంతవరకూ కసురుకోలేదు. కాకపోతే ఉప్పు అందుకోమని చెప్పేలోపు అన్నం చల్లారిపోతుంది.

ఆ నిదానం పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఏదో తొందరలో ఒక బస్సు పేరు తప్పు చెప్పాడు. ఒక పెద్దామె అది నమ్మి ఎక్కేసింది. కూతురి పురుటికి పోవాల్సిన మనిషి, మూడు గంటలు ఎదురు దిక్కున పోయి దిగింది. మర్నాడు గాజు గది ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు చెప్పావని ఎక్కాను నాయనా" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి బావ బస్సు బోర్డు చూస్తాడు, చేతిలో కాగితం చూస్తాడు, మళ్లీ బోర్డు చూస్తాడు, అప్పుడు నోరు విప్పుతాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక్క తప్పు లేదు.

ఇప్పుడా కుర్చీలో మనిషి లేడు. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి పెట్టారు. ఇంట్లో బావ గొంతుకి పని లేక, కుక్కరు మూడో విజిలు వేసిందనీ, నీళ్ల ట్యాంకు నిండిందనీ ప్రకటనలు మొదలెట్టాడు. "నాకూ చెవులున్నాయి. ఎక్కడికన్నా పోయి అరుచుకోండి" అని అక్క గోల. అందుకే కాలేజీ మేడం ఫోన్ చేసినప్పుడు, బావకంటే ముందు అక్కే ఒప్పేసుకుంది.

ఆ మేడం సముద్రాల గురించి పాఠాలు చెబుతుంది. ఏటా బడి పిల్లలకి సముద్రం మీద క్విజ్ పోటీ పెడుతుంది. "పదేళ్లు మీరు చెబితేనే బస్సెక్కాను. పోటీలో పిల్లల్ని పిలవడానికి మీరు రావాలి. జీతం లేదు, భోజనం ఉంది" అంది. బావ నన్నూ లాక్కెళ్లాడు. మంచినీళ్ల సీసాలూ పెన్సిళ్లూ పంచడం నా పని.

బావ పని చూడ్డానికి చిన్నదే. జట్టుకి నలుగురు పిల్లలు, ప్రతివాళ్ల ముందూ ఒక మీట. ముందు నొక్కినవాళ్ల లైటు బావ ముందున్న పెట్టెలో వెలుగుతుంది, మిగతా మీటలు ఆగిపోతాయి. బావ లైటు చూసి, "ఎ జట్టు, రెండు" అని పిలవాలి. పిలిచాకే జవాబు చెప్పాలి. పిలవకముందు నోరు జారితే జవాబు చెల్లదు, ప్రశ్న అవతలి జట్టుకి పోతుంది. లేకపోతే హాలు చేపల మార్కెట్టవుతుందని మేడం చెప్పింది.

పొద్దున్నే ఒక అమ్మాయి నీళ్ల కోసం వచ్చింది. బక్కపల్చటి పిల్ల, కానీ మాట వదిలితే తూటా. జట్టువాళ్లు ఆమెని ఎక్స్‌ప్రెస్ అంటారట.

"గెలిస్తే ఏమిస్తారమ్మా?" అన్నాడు బావ.

"పది రోజులు ఓడలో తీసుకెళతారండీ. సముద్రం మీద పరిశోధన చేసే ఓడ. నాకిదే ఆఖరి ఏడాది, బడి అయిపోతుంది."

"సముద్రం చూశావా ఎప్పుడన్నా?"

"లేదండీ."

"చూడకుండానే ఇన్ని జవాబులా?"

"మీరు చందమామ మీదికెళ్లారా? అక్కడ గుంటలున్నాయని తెలీదూ?"

బావ చాలాసేపు నవ్వాడు. "సరే తల్లీ. ఎక్స్‌ప్రెస్ అయినా సరే, నేను పిలిచాకే కదలాలి" అన్నాడు.

పొద్దుటి పోటీలు సాఫీగా జరిగాయి. పిల్లలు నొక్కేవాళ్లు, బావ లైటు చూసి, ఏ లైటు ఎవరిదో రాసుకున్న కాగితం చూసి, మళ్లీ లైటు చూసి పిలిచేవాడు. ఆ ఆగడం నాకు తెలుస్తూనే ఉంది కానీ ఎవరికీ అడ్డు రాలేదు. మధ్యాహ్నం ఆఖరి పోటీకి ఎక్స్‌ప్రెస్ జట్టు వచ్చింది. ఇంకో మూడు ప్రశ్నలున్నాయనగా రెండు జట్లకీ సమానం.

"ఆక్టోపస్‌కి గుండెలు ఎన్ని?" అని జడ్జి అడిగాడు.

అక్కడున్న పిల్లలందరికీ తెలిసిన ప్రశ్న. ఎవరి వేలు ముందన్నదే పందెం. ఎ జట్టు రెండో లైటు వెలిగింది. అది ఎక్స్‌ప్రెస్‌ది. బావ లైటు చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ లైటు చూశాడు. ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు.

"మూడు" అనేసింది ఆ పిల్ల.

తెల్లమీసాల జడ్జి, "పిలవకముందే చెప్పావమ్మా. చెల్లదు" అన్నాడు. ప్రశ్న అవతలి జట్టుకి పోయింది. వాళ్లు తాపీగా "మూడు" అన్నారు. మార్కులు వాళ్లకి పడ్డాయి.

బావ లేచి నిలబడ్డాడు. "అయ్యా, తప్పు నాది. లైటు ఎప్పుడో వెలిగింది. నేనే ఆగాను."

జడ్జి చెడ్డవాడు కాదు. "మీరెంతసేపు ఆగారన్నది రూల్లో లేదండీ. పిలిచారా లేదా అన్నదే ఉంది" అన్నాడు మెత్తగా.

"మరి నేను సాయంత్రం దాకా పిలవకపోతే?"

హాలంతా నవ్వింది, జడ్జి కూడా నవ్వాడు. బావ నవ్వించడానికి అనలేదు. ఆయనకి కూర్చోక తప్పలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి వేరే మనిషి లేడు.

మిగిలిన రెండు ప్రశ్నలకీ బావ కాగితం తిప్పి బోర్లా పెట్టేశాడు. లైటు వెలగ్గానే పిలిచాడు. నేనాయన్ని అంత వేగంగా ఎన్నడూ చూడలేదు. ఏం లాభం, ఆ పిల్ల నొక్కడమే మానేసింది. వేలు మీట మీదే ఉంది, కళ్లు మాత్రం బావ నోటి మీదున్నాయి. రెండుసార్లూ బి జట్టు లైటే వెలిగింది. రెండుసార్లూ బావే వాళ్లని పిలవాల్సి వచ్చింది.

పోటీ అయ్యాక ఆమె వాళ్ల టీచరుతో మా బల్ల దగ్గరికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది.

"నా లైటే కదండీ ముందు వెలిగింది?"

"నీదేనమ్మా."

"నేను చెప్పేసరికి చాలాసేపైంది కదా?"

"అయింది."

"అయితే రాసివ్వండి."

బావ నా దగ్గర పెన్సిలు తీసుకుని నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టాడు. అందరం జడ్జి దగ్గరికెళ్లాం. ఆయన నిలబడి మొత్తం చదివాడు.

"నిజాయితీగా రాశారు. కమిటీలో పెడతాను. వచ్చే ఏడాదికి ఈ రూలు మార్చాల్సిందే" అని ఫైల్లో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు ఈ పిల్ల ఉండదండీ."

"అవును, పాపం" అన్నాడు జడ్జి.

మేడం వైపు చూశాడు బావ. "నా చేతుల్లో ఏముందండీ" అని ఆమె తల వంచుకుంది. తర్వాత నెమ్మదిగా ఒక కాగితం బావ చేతిలో పెట్టింది. ఓడెక్కే నలుగురి పేర్లు. చదవాల్సింది బావే. చదివాడు. ఎక్స్‌ప్రెస్ అందరితో పాటు చప్పట్లు కొట్టి, సంచి భుజాన వేసుకుని, వాళ్ల టీచరు తొందరపెడుతుంటే వెళ్లిపోయింది. బావ మైకు పట్టుకుని తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. మైకు కట్టేయమని నేనే చెప్పాల్సి వచ్చింది.

అప్పట్నుంచి వారానికోసారి మేడంకి ఫోన్ చేస్తాడు.

"కమిటీ కూర్చుందా అమ్మా?"

"ఇంకా లేదండీ."

"ఓడలో ఒక్క చోటన్నా ఎక్కువ దొరకదా?"

"నాలుగే ఇస్తారండీ."

మొన్న నా ముందే చేశాడు. అవతల ఆమె ఏం చెప్పిందో వినపడలేదు. బావ "ఆహా" అన్నాడు, "మంచిదమ్మా" అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.

"ఏమంది బావా?"

"ఓడ బయల్దేరిందట."