పైడితల్లి కోడిపిల్ల, నాయుడింటి లాబ్రడార్

1968లో నన్ను నరసన్నపేట పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పేరు అంత పొడుగ్గా ఉన్నా, ఊళ్ళో నేను పశువుల డాక్టర్నే. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. వానలకు ముందు గేదెలకు గొంతువాపు టీకాలు, దుక్కుల కాలంలో ఎద్దుల మెడ పుళ్ళు, ఈనలేక అవస్థపడే ఆవులు, ఇదీ పని. కుక్కల వైద్యం పరీక్షకు చదివిందే తప్ప చెయ్యి పెట్టింది తక్కువ. ఆ సంగతి ఒప్పుకునే వయసు కాదప్పుడు.

టీకాలకు వెళ్ళిన ఒక పల్లెలో అప్పలనాయుడు అనే రైతు, కళ్ళంలో ధాన్యం కాపలాకి మంచి జాతి కుక్క కావాలన్నాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు గారింట్లో లాబ్రడార్ పిల్లలున్నాయని అప్పుడే విన్నాను. వెనకాముందూ చూడకుండా "అంతకన్నా మంచి జాతి లేదు" అనేశాను. వేటలో కూలిన పక్షిని నోట కరుచుకుని యజమానికి తెచ్చి ఇవ్వడానికి పెంచిన జాతి అది, కాపలాకి కాదు. అది నాకు తెలియక కాదు. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, నోటికొచ్చిన గొప్ప.

పిల్లను ఎంచడం మాత్రం పద్ధతిగానే చేశాను. కళ్ళల్లో పుసి, చెవుల్లో వాసన, బొడ్డు దగ్గర వాపు లేవని చూశాను. తాళాల గుత్తి నేల మీద పడేస్తే మిగతావి బెదిరాయి. లేత పసుపురంగు ఆడపిల్ల ఒకటి మాత్రం దాన్ని తెచ్చి నా బూటు మీద పెట్టింది. దాన్నే ఇప్పించాను. నులిపురుగుల మందు పోసి, వయసు రాగానే పిచ్చికుక్క రోగం టీకా వేశాను. బొచ్చు కత్తిరించొద్దని, చెరువులో ఈదితే చెవులు తుడవాలని, ఎంత పెట్టినా తినేస్తుంది కాబట్టి కొలిచి పెట్టాలని చెప్పాను. నాయుడి భార్య సింహాచలం "కుక్కకి కొలతేటి బాబూ" అని నవ్వింది. నెల తిరక్కుండా దానికి రాణి అని పేరు పెట్టి, అక్కడ చోడి అనే రాగుల అంబలి తనే దగ్గర కూర్చుని తాగించడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలకు నాయుడు ముఖం వేలాడేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. పక్కింటి పైడితల్లి కోడిపిల్లలు నాలుగు మాయమయ్యాయట. ఐదోదాన్ని రాణి నోట్లో ఆమె కళ్ళారా చూసిందట. కోడి రుచి మరిగిన కుక్కను ఆ ఊళ్ళో బతకనివ్వరు. ఊరి పెద్దలు నా మాట కోసం ఆగారట.

"సింహాచలం నిన్నట్నుంచి ఏటీ ముట్టనేదు. మీరు సెప్పిన కుక్కే గదా, మీరే వచ్చి సెప్పండి" అన్నాడు.

సైకిలు మీద వెళ్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. నా గొప్పకు ఒక మూగజీవి చచ్చేలా ఉంది.

సింహాచలం గడపలో కుక్క మెడ మీద చెయ్యేసి కూర్చుంది. పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. పైడితల్లి కొంగు నడుముకు దోపి నిలబడింది. "మొన్న కళ్ళంలోకి ఎవడో వస్తే తోకాడించి, ఆడి సెప్పు ఆడికే తెచ్చిచ్చినాది. నా కోళ్ళ మీదేనేటి దీని పెతాపం?" అంది. ఐదో పిల్ల చచ్చిందా అని అడిగాను. లేదు, తడిసింది, అంతే అంది.

అప్పుడు నాకు పాఠం గుర్తొచ్చింది. ఈ జాతి దేన్నయినా పన్ను దిగకుండా పట్టుకుంటుందని చదివాను. చూడలేదు. ఒక గుడ్డు తెప్పించి రాణి ముందు పెట్టి, సింహాచలాన్ని దూరంగా నిలబడి దాన్ని పిలవమన్నాను. రాణి దాన్ని నోట పట్టుకెళ్ళి ఆమె అరచేతిలో పెట్టింది. తిప్పి చూశాను. చిన్న బీట కూడా లేదు.

పైడితల్లి మెత్తబడలేదు. "గుడ్డు పరిగెట్టదు గదా బాబూ. పిల్ల ఊరుకుంటాదా?" అంది. న్యాయమైన ప్రశ్న. ఆమే వెళ్ళి ఆ ఐదో పిల్లను తెచ్చి వాకిట్లో వదిలింది. అది పరిగెత్తింది. రాణి వెంటపడింది. సింహాచలం కళ్ళు మూసుకుంది.

గోడ మూల రాణి దాన్ని పట్టింది. వెనక్కి తిరిగి యజమానురాలి దగ్గరకు పోలేదు. తిన్నగా వచ్చి పైడితల్లి పాదాల దగ్గర వదిలింది. పిల్ల ఒళ్ళు దులుపుకుని కిచకిచమంది.

"ఓలమ్మ, నా పిల్లని నాకే తెచ్చినాది" అంది పైడితల్లి, నెమ్మదిగా. ఆమె పెరట్లో గడ్డివామి కింద వెతికితే ముంగిస బొరియ, దాని ముందు ఈకలు కనిపించాయి. పెద్దలు నవ్వుకుంటూ లేచారు. సింహాచలం లోపలికెళ్ళి రెండు గిన్నెల్లో అంబలి తెచ్చింది. మొదటి గిన్నె రాణికి పెట్టి, రెండోది నాకిచ్చింది. ఆ వరసలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఏ జాతి మంచిదని అడిగినవాళ్ళను, ఏ పనికని ముందు అడగాలి. ఆ పల్లెలో నేర్చుకున్నది ఇదే. రిటైరయ్యేదాకా ఆ పద్ధతి తప్పలేదు. నాయుడి కళ్ళానికి కాపలా ఇంకా లేదు కాబట్టి, ఈసారి అడిగి, ఆ ఊరి వీధికుక్క పిల్లనే ఒకదాన్ని ఎంచి ఇచ్చాను. మరుసటేడు టీకాలకు వెళ్తే అది నన్ను కళ్ళంలోకి అడుగు పెట్టనివ్వలేదు. పిక్క దగ్గర ప్యాంటు చిరిగింది. రాణి పరుగున వచ్చి, ఆ చిరిగిన గుడ్డ పేలిక ఏరి నా చేతికిచ్చింది.