ఐరేని కుండ ఎవరి నెత్తిన

చొప్పదండిలో రైతు పరశురాములు భార్య కోమలకు యారాలంటే అసూయ. ఆమె ఎలాగూ ఒప్పుకోదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. యారాలు పేరు వినోద, మరిది బాలమల్లు భార్య. అతను మస్కట్‌లో ఉంటాడు, వినోద పిల్లల చదువు కోసం కరీంనగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటుంది. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కొలత, ఒకరి జాకెట్టు ఒకరు వేసుకునేవాళ్లు. ఏడాదిన్నరలో వినోద పద్నాలుగు కిలోలు తగ్గింది, కోమల ఆరు కిలోలు పెరిగింది. చుట్టాలు వినోదను చూసి మెచ్చుకున్నప్పుడల్లా కోమలకు ఒళ్లు మండేది.

అంతవరకైతే ఓర్చుకునేదేమో. మే నెలలో చిన్న మరిది హనుమండ్లు పెళ్లయింది. పెళ్లికి ముందు కుమ్మరి ఇంటి నుంచి రంగులేసిన ఐరేని కుండలు తేవాలి. ముందు డప్పులు, వెనక పెద్ద కుండ నెత్తిన పెట్టుకొని ఇంటి పెద్దకోడలు. వాడకట్టంతా గడపల్లోకి వచ్చి చూస్తుంది. పదిహేనేళ్లుగా ఆ ఇంటి పెళ్లిళ్లన్నిటికీ ఆ కుండ కోమలదే. ఆ రోజు మాత్రం సగం దారిలో మోకాళ్లు మొరాయించాయి. ఆయాసంతో ఎవరిదో అరుగు మీద కూలబడింది. అత్త భూమవ్వ ఏమాత్రం ఆలోచించకుండా కుండ తీసి వినోద నెత్తిన పెట్టింది. వినోద చకచకా నడిచిపోయింది, డప్పులూ ఆమెతోనే పోయాయి. కోమల కొంగుతో ముఖం తుడుచుకుంటే చూసినవాళ్లు చెమట అనుకున్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కూతురు నవీన పెళ్లి మాఘమాసానికి ఖాయమైంది. కన్నబిడ్డ పెళ్లిలో కూడా ఆ కుండ వినోద నెత్తికెక్కితే ఇక తాను తలెత్తుకోలేననుకుంది కోమల. మోకాళ్లకు మందుల కన్నా బరువు తగ్గడమే మేలని డాక్టరు కూడా అన్నాడు. ఆమె ఎంచుకున్న దారి ఒక్కపొద్దులు. సోమ, గురు, శనివారాలు అన్నం ముట్టేది కాదు, పలారంతో సరిపెట్టుకునేది. పట్టుదలకు లోటు లేదు. నాలుగు నెలలు నిష్ఠగా చేసి ఇంకో రెండు కిలోలు పెరిగింది.

దసరాకు వినోద వచ్చింది. కోమల కళ్లన్నీ ఆమె పళ్లెం మీదే. వినోద రెండు పూటలా అన్నమే తింది. చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకుంది, సగం పళ్లెం కూర, ఇంత పప్పు, ఒక గుడ్డు. పండగనాడు గారెలు కూడా రెండు తిని లేచింది. పొద్దున్నే వడ్ల మార్కెట్ యార్డు చుట్టూ గంటసేపు నడిచొచ్చింది. ఇదంతా పైకి వేషం, లోపల ఏదో పొడి మింగుతోందని కోమల తేల్చుకుంది. పండగ తెల్లారి, శుక్రవారం, వినోద నడకకు పోగానే ఆమె బ్యాగు దులిపి చూసింది. చీరలు, దువ్వెన, ఒక నోటుబుక్కు. అందులో పాటలూ లేవు, రహస్యాలూ లేవు, తిన్న తిండి రాసి ఉంది. చాయ్ రెండు, శనగలు గుప్పెడు, చక్కెర ఒక చెంచా. తలెత్తితే గుమ్మంలో వినోద.

దొరికిపోయిన సిగ్గుతో కోమల ఎదురు తిరిగింది. "ఏం మందు తింటున్నవో చెప్పు. అన్నం తినుకుంట నువ్వు సన్నబడుతున్నవ్, అన్నం ఇడిసిపెట్టి నేను ఉబ్బుతున్న. గిదేం న్యాయం?"

వినోద కోపం చేసుకోలేదు. నిన్న ఏం తిన్నావని అడిగింది. నిన్న గురువారం, ఒక్కపొద్దు. పండగైనా నేనేం తినలేదని కోమల గొప్పగా చెప్పింది. అయితే నోట్లోకి పోయిందంతా చెప్పమని వినోద చాపమీద కూర్చుంది. రెండు పళ్లేల ఉప్మా, నాలుగు మిర్చిబజ్జీలు, సాబుదానా కిచిడీ, అరటిపండ్లు రెండు, పల్లీపట్టీలు, చక్కెర దట్టించిన చాయ్ నాలుగుసార్లు. వినోద ఫోన్లో చూసి కూడితే రెండువేల ఏడువందల క్యాలరీలు తేలాయి. రెండు పూటలా అన్నం తిన్న రోజు వినోదది పదిహేనువందలు.

"అన్నం కాకపోతే తిన్నట్టు కాదా అక్కా?" అంది వినోద.

కోమల మూడు రోజులు మూతి ముడుచుకొని తిరిగింది. నాలుగోరోజు తనూ ఒక నోటుబుక్కు కొనుక్కుంది. బుద్ధి వచ్చి కాదు, కసి పట్టి. చాయ్‌లో చక్కెర తగ్గించింది. ఒక్కపొద్దు నాడు బజ్జీలకు బదులు ఉడికించిన పెసర గుడాలు, పెరుగు, కీరదోసకాయ. మిగతా రోజుల్లో అన్నం మానలేదు, గిన్నెతో కొలిచింది. మార్కెట్ యార్డు చుట్టూ మొదట పావుగంట, తర్వాత అరగంట, తర్వాత గంట. కాళ్లు పీకినప్పుడల్లా కుండ మోస్తున్న వినోదను తలుచుకునేది, మళ్లీ ఊపు వచ్చేది. మాఘం నాటికి ఏడు కిలోలు తగ్గింది. మోకాళ్లు పట్టుకోకుండా మెట్లెక్కుతోంది.

కుండలు తెచ్చేరోజు వచ్చింది. కోమల పెద్ద కుండ నెత్తిన పెట్టుకుంది. మే నెలలో కూలబడిన అరుగు దగ్గరికి రాగానే వినోద పక్కకు వచ్చి రెండు చేతులూ చాచింది. "నువ్వు నడువ్, నేనొస్త" అంది కోమల. ఆగకుండా పందిట్లోకి వచ్చి కుండ దించి, వినోద ముఖంలోకి సూటిగా చూసింది. అక్కడ ఓడిపోయిన మనిషి కనిపిస్తుందని ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది మరి.

వినోద చిన్నగా నవ్వి, ఇద్దరికే వినపడేలా చెప్పింది. "పదిహేనేండ్లు గీ కుండ నీ నెత్తిమీద చూసి నాకు కడుపుల మండేదక్కా. ఒక్కసారన్న నాకు రావాల్నని, వస్తే ఆగకుంట మొయ్యాల్నని పొద్దుగాల లేసి నడుసుడు వెట్టిన. మే నెలల వచ్చింది. ఎనుకకు తిరిగి చూస్తే నువ్వు అరుగు మీద ఏడుస్తున్నవ్. ఇగ ఇంటిదాక నాకది బరువే అయింది."

అందరూ చెమటే అనుకున్నారని కోమల ఇన్నాళ్లూ ధైర్యంగా ఉంది. మళ్లీ కొంగుతో ముఖం తుడుచుకుంది, ఈసారి వినోద ముందే.

అప్పగింతలైన మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసే మార్కెట్ యార్డుకు పోయారు. ముందు మాత్రం కోమలే నడిచింది.