తలపాగా దొర ఇచ్చిన మాట

మా ఊరి కొండ కింద మిలిటరీ వాళ్లు కాల్పులు నేర్పే క్యాంపు పెట్టి యాభై ఏళ్లు దాటింది. దాని గురించి ఎవరికేం కావాలన్నా మా నాయన కుప్పయ్యనే అడిగేవాళ్లు. కంచె లోపలికి పోయిన చేను ఎవరిది, ఏ వానకు పాత షెడ్డు కూలింది, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. చదివింది మటుకు రెండో తరగతి.

ఆయన పని చూడ్డానికి చిన్నదే. కాల్పులకు ముందురోజు సాయంత్రం వీధుల్లో డప్పులాంటి పలక కొట్టి, కొండవైపు గొడ్లను తోలవద్దని చాటాలి. తెల్లారి గుట్ట మీద ఎర్రజెండా ఎగరేయాలి. పంతొమ్మిదో ఏట పట్టిన పలకను డెబ్బైలోనూ దించలేదు. ఇంట్లో మనిషి జ్వరంతో మూలుగుతున్నా ఆయనకు జెండాయే ముఖ్యం. "నీకు పెండ్లాం నేనా, ఆ గుడ్డముక్కా?" అని మా అమ్మ తిరుమలమ్మ దెప్పేది.

క్యాంపుకు మొదట వచ్చిన సిక్కు అధికారిని మా ఊళ్లో తలపాగా దొర అంటారు. చెనిక్కాయ చేలు కంచె లోపలికి పోయాయని ఊరంతా ఏడుస్తుంటే, ఆయన కొండ మీది వెంకటేశ్వరుడి గుడి దాకా నడిచాడట. నీళ్ల క్యాను మోసుకుంటూ వెంట వెళ్లింది మా నాయన. పెరటాసి నెల శనివారాల్లో జనం నైవేద్యానికి తళిగలు వండుకుని ఆ గుడికి పోతారని తెలుసుకుని, ఆ రోజుల్లో ఇక్కడ తూటా పేలదని దొర మాటిచ్చాడట. కాగితం లేదు. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా నాయన వెళ్లి, చేతులు కట్టుకుని ఆ మాట చెప్పేవాడు. వాళ్లు తలూపేవాళ్లు. అట్లా యాభై ఏళ్లు నడిచింది.

పోయినేడు వానలకు కాల్పులు వెనకబడ్డాయి. పెరటాసి మూడో శనివారం కాల్చాలని ఉత్తర్వు వచ్చింది. నాయన ఆఫీసుకు పరిగెత్తాడు. "సార్‌తో సెప్తాలే, పో" అన్నాడు గుమాస్తా ప్రతాప్. ఆ ఒక్క ముక్క చాలింది మా పిచ్చి నాయనకు.

శుక్రవారం పలక కొట్టాడు, కొట్టలేదని కాదు. చివరింటి చెంగమ్మత్త వాకిట్లో నిలబడి అడిగింది.

"ఏం కుప్పన్నా, రేపు కొండకు పోవద్దంటావా? తళిగకు బియ్యం నానేద్దామనుకుంటిని."

"నానెయ్యి సెంగమ్మా. ఆపేస్తార్లే. యాభై ఏండ్లుగా పేలని తూటా రేపు పేల్తాదా?"

తెల్లారి జెండా ఎగరేయమని కబురు వచ్చింది. మిగతా ఊరు ఎందుకైనా మంచిదని ఆగింది. చెంగమ్మత్త మటుకు మసక చీకట్లోనే కొండెక్కేసింది. ఆ సంగతి తెలిసి నాయన క్యాంపు గేటు దాకా అరుస్తూ పరిగెత్తాడు. గేటు దగ్గర వాళ్లకు విషయం అర్థమయ్యేలోపే మొదటి గుండు పడింది. మధ్యాహ్నం ఆమెను దుప్పట్లో మూటగట్టి దించారు.

తర్వాతి వారం బడిలో విచారణ పెట్టారు. "పలక కొట్టినాను, ఆమే ఇనలేదు అను. అంతటితో పోతాది" అని ప్రతాప్ నేర్పించాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ నాయనకు అదే చెప్పాను. నోరు మూసుకో నాయనా అన్నాను. ఆయన వింటేగా.

"పలక కొట్టినాను సార్. మళ్లా పొమ్మనిందీ నేనే" అని, తలపాగా దొర మాట మొత్తం చెప్పాడు.

విచారణకు వచ్చిన అధికారి ఆ దొర పేరు అడిగాడు. తెలియదు. సంవత్సరం అడిగాడు. "పెద్ద కరువొచ్చిన మర్సటేడు సార్." అప్పుడు పక్కన ఎవరున్నారని అడిగాడు. "నేనే."

"ఆ శనివారాల్లో కాల్పులు లేని మాట నిజమే. సెలవు కాబట్టి లేవేమో" అన్నాడు అధికారి.

ఊరివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, దొర మాట మీకెట్లా తెలుసని అడిగారు. "కుప్పయ్య సెప్తే ఇన్నాము సార్" అన్నాడు పెద్దాయన మునిరామయ్య. అందరిదీ అదే జవాబు. చెంగమ్మత్త కొడుకు గోవిందు నేల చూస్తూ, "మాయమ్మకూ ఆయప్పే సెప్పినాడు" అన్నాడు. ఒక్కరూ అబద్ధమాడలేదు. మా ఖర్మ అదే. నాయన తన సొంత ఊహతో ఆమెను కొండకు పంపాడని కాగితం మీద పడింది.

చివర్లో నన్ను పిలిచారు.

"మీ నాన్న తప్ప ఆ దొర నోట ఆ మాట విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

"మరి అది నిజమని నీకెట్లా తెలుసు?"

నోరు తెరిచాను. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట అది. అయినా ఆ ఒక్క ఘడియ, ఆ దొర ఏ భాషలో ఏమన్నాడో, నీళ్లు మోసిన పంతొమ్మిదేళ్ల మనిషికి ఏం అర్థమైందో అని నాకూ అనుమానం వచ్చింది. బల్ల పక్కన నిలబడిన నాయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"సాల్లే పాపా, వచ్చేయ్" అన్నాడు.

ఆ తర్వాత ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.