పిట్టకు పెట్టిన నాడు బండి ఆగలేదు

మా నాయన దినాల నాడు పెబ్బేరు పొలాల్లోని కాకులన్నిటినీ నేనొక్కడినే కృష్ణ దాటించి గద్వాల వైపు తరిమాను. తుపాకీ పేల్చలేదు, రాయి విసరలేదు. నాయన పాత మోటార్ సైకిలుకి వైర్లు మార్చాను, అంతే. ఎలాగని అడగకండి. అడగకపోయినా చెబుతాను.

నాయన పోయాక అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పుస్తకాలు ఎక్కువ చదివినవాడికి దుఃఖం కూడా ముందుమాట చదువుకుని గాని రాదేమో. చేతులు ఊరుకోక, చేనుకాడి కొట్టంలో ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఆయన బండిని ముందేసుకున్నాను. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. పిచ్చి కుదిరింది, వైర్లు తలకు చుట్టమన్నట్టు, పాతవి పీకి ఒక్కొక్క దాని స్థానంలో కొత్తది వేస్తూ పోయాను. చివరికి ఒకటి మిగిలింది. అది తాళం దగ్గర మొదలై బండి ఇనుప చట్రానికి తగిలి ఆగిపోయేది. ఎక్కడికీ పోని వైరు ఎందుకు? తీసి పారేశాను. నాయన కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్న ఆ కాసేపు చాలా హాయిగా ఉండింది.

దినాల నాడు చేనులోనే పిట్టకు పెట్టాం. ఇస్తరిలో జొన్నరొట్టె, మటను, బీడీకట్ట, నాయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి దూరంగా జరిగి కూర్చున్నాం. కాకి ముడితే పోయినవాడు తృప్తి పడ్డట్టు. ముట్టేదాకా ఇంట్లోవాళ్ళు తినరు. అమ్మకు షుగరు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు.

కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. ఒక్కటీ దిగదు.

"ఏం మనసుల వెట్టుకొని పోయిండో," అంది అమ్మ.

"ఇంకేముంటది వదినే, అన్న పాణమంత బండి మీదనే ఉండె," అన్నాడు మా చిన్నాయన రాములు. "జర దాని సప్పుడు ఇనిపిద్దం. ఏమిరా, నడుస్తదా?"

చుట్టాలందరూ నా వైపు తిరిగారు.

"నడుస్తది చిన్నాయనా," అన్నాను, ఆపరేషను చేయబోయే డాక్టరులా.

బండిని తోసుకొచ్చి స్టాండు వేసి కిక్కు కొట్టాను. స్టార్టయింది! అమ్మ కళ్ళు తుడుచుకుంది. తుమ్మచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారే లేచాయి.

"సాలు, ఇగ బంద్ చెయ్," అన్నాడు చిన్నాయన.

తాళం తిప్పాను. ఆగలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, తాళం తీసి జేబులో కూడా వేసుకున్నాను. బండి మైకు దొరికిన సర్పంచిలా ఇంకా గొంతు పెంచింది.

"బంద్ చెయ్యమంటే తాళం జేబుల ఏసుకుంటివేందిరా?"

"తాళం తీసినా ఆగుతలేదు!"

"పెట్రోల్ బంద్ చెయ్!"

పెట్రోలు ట్యాపు తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

"గేర్ల ఎయ్యి, అదే సస్తది!"

వేశాను. చావలేదు. స్టాండు మీద అరకొరగా లేచి ఉన్న వెనక చక్రం గిర్రున తిరిగి, పరామర్శకు వచ్చినవాళ్ళ తెల్లబట్టల మీద దుక్కి మట్టి చల్లింది.

అప్పుడు వెలిగింది నాకు. ఇంట్లో స్విచ్చు వేస్తే లైటుకు కరెంటు వస్తుంది. ఈ బండి కరెంటు మాత్రం అదే పుట్టించుకుంటుంది. తాళం తిప్పితే ఆ కరెంటు చట్రంలోకి జారిపోయి ఇంజను ఆగాలి. అది జారే దారే నేను పారేసిన వైరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. మా చిన్నాయన కాకులు పోయాక ప్లగ్గు వైరు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఎగిరి చాళ్ళల్లో పడ్డాడు.

"సంపితివి గదరా! జరుంటే ఇంకో ఇస్తరి ఎయ్యాల్సొస్తుండె!"

అందరూ చిన్నాయన చుట్టూ, బండి చుట్టూ మూగారు. ఒకరు తడిగోనె కప్పమన్నారు, ఒకరు కొబ్బరికాయ కొట్టమన్నారు. నాయనను తృప్తిగా పంపడానికి నాకు దక్కింది ఆ ఒక్క పూటే. అమ్మ ఆకలితో కూర్చుని ఉంది. కనుచూపు మేరలో కాకి లేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు.

పెట్రోలు అయిపోయి బండి దానంతటదే ఆగింది. అందరం ఇస్తరి వైపు తిరిగాం.

ఖాళీ! రొట్టె లేదు, మటను లేదు. బీడీకట్ట ఒక్కటే ఉంది.

"కాకి ముట్టిందా, కుక్క ముట్టిందా? ఎవలన్న సూసిండ్రా?" అన్నాడు చిన్నాయన మట్టి దులుపుకుంటూ.

ఎవరూ చూడలేదు. అందరం బండినే చూస్తున్నాం.

"మీ అన్ననే వచ్చిండు," అంది అమ్మ.

"మరి బీడీలు ముట్టలే గద వదినే? అన్న బీడీ ఇడుస్తడా?"

"డాక్టర్ ఎంత చెప్పినా ఇనకపాయె. ఇప్పుడిన్నడు." అమ్మ కొంగు దులుపుకుని లేచింది. "నడువుండ్రి, తిందం."

అమ్మ తిన్నది. నాకు ముద్ద దిగలేదు. నాయన నిజంగా వచ్చే ఉంటే, ఆఖరుసారి వచ్చినప్పుడు నేను ఆయనకు వీపు చూపించి నిలబడ్డాను.

కాబట్టి, పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆపడం తెలియని దేన్నీ ఇక ఈ జన్మలో మొదలుపెట్టను. నా వాళ్ళకు కూడా ఒక్క మనవి. నా దినాల నాడు కాకి దిగకపోతే కంగారుపడి ఏ యంత్రమూ నడపకండి. చప్పుడు చేయకుండా కాసేపు కూర్చోండి, చాలు. ఆకలైతే నేనే వస్తాను.