అతను అడగని మాట

1995. సూరత్‌లో, మన తెలంగాణ నేతపనివాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్‌లో రేకుల గదిలో ఉండేవాళ్లం. మా ఆయన సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఆయన డ్యూటీకి పోయాక నేను హీరోలను నడిపేదాన్ని. అప్పటికే ఒక వారపత్రికలో నా ప్రేమ సీరియళ్లు వస్తున్నాయి. వాటిని చదివి, నవల రాయడం నేర్పమని వాడలోని ఆడపిల్లలు కొందరు ఆదివారాలు వచ్చేవారు. ప్రేమకథంటే ఒక వాన, రెండు కన్నీటి చుక్కలు అనుకుని వచ్చినవాళ్లను మొదటి వారమే ఇంటికి పంపేసేదాన్ని.

నా దగ్గర ఒక టెస్ట్ ఉండేది. మా వాడలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేవారు. ధాగా కటింగ్ అంటారు. వాళ్ల మధ్య కూర్చుని మీ సీన్ పైకి చదవండి, కత్తెరలు ఆగితే సీన్ పండినట్టు, లేకపోతే చింపెయ్యండి అనేదాన్ని. ఎడిటర్లనైనా మెప్పించొచ్చు కానీ వాళ్లను మెప్పించడం కష్టం.

సుజాత నా శిష్యుల్లో చురుకైనది, కొత్త కోడలు. ఆమె కథలో హీరోయిన్ ఇంట్లోనే రెండు సాంచెలు పెట్టుకుని బతికే వితంతువు. అవి చెడిపోయినప్పుడల్లా బాగుచేయడానికి వచ్చే మాస్టర్ మీద మనసు పడుతుంది. చివరికి కొడుకు పరువు కోసం అతన్ని రావద్దంటుంది. క్లైమాక్స్, అంటే కథ తారస్థాయికి చేరే చోటు, భలే కుదిరిందని మెచ్చుకుని టెస్టుకు పంపాను.

కాసేపటికే సుజాత పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, కత్తెరలన్నీ ఆగినయ్. కని అండ్లనే కూసున్న మా అత్తమ్మ నడిమిట్లనే లేచి పోయింది. అది ఆమె కతనే. ఎన్కట మాస్టర్ వస్తుండెనని పక్కింటామె చెప్తే రాసిన.”

“ఓసి నీ మొకం మండ! ముందుగాల చెప్పద్దా?”

“ఇగ నన్ను కలం పట్టనియ్యదక్కా. ఇంట్లకు గూడ రానియ్యదేమో.”

అంతలో ఆ అత్త, రాజవ్వ, మా గడపలోకి వచ్చి నిలబడింది. తిట్లకు సిద్ధపడ్డాను.

“నువ్వేనా చెల్లె, వీళ్లకు కతలు నేర్పేది?”

“నేనే అక్కా. కూసో.”

“కూసోను. నా కోడలు తప్పు రాసింది. ఆమె రావద్దన్నదంట! ఎప్పుడన్నది? ఆయన అడిగితే గదా, వద్దనేది?”

సుజాత, నేను ముఖాలు చూసుకున్నాం.

“ఏండ్లకేండ్లు మా ఇంట్ల చాయ్ తాగిండు. సాంచె మంచిగున్న దినం గూడ వచ్చిండు. నోరు మాత్రం తెర్వలే. భివండిల పని దొరికిందని పోయిండు.” ఆమె సుజాత చేతిలోని కాగితాలకేసి వేలు చూపింది. “కతలనన్న అడగమను.”

సుజాత అక్కడే కూర్చుని రాసింది. మాస్టర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, “నన్ను చేసుకుంటవా?” అంటాడు. కూర్చోనన్న రాజవ్వ కూర్చుంది. మళ్లీ చదవమంది. ఇంకోసారి చదవమంది.

“మరి ఆమె ఏమంటది అత్తమ్మా?” సుజాత మెల్లగా అడిగింది.

“గంత తొందరేంది? జర ఆలోచించుకోనియ్యి ఆమెను,” అని రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లిచూపుల్లో పిల్లలా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటిదాకా ప్రేమకథకు పెళ్లో త్యాగమో, గట్టి ముగింపు ఉంటే చాలని నేర్పేదాన్ని. ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు హీరో ఆ మాట అడిగే సీనే రాయిస్తున్నాను. హీరోయిన్ ఏమంటుందో తర్వాత చూద్దాం అంటాను. అవుననో కాదనో చెప్పే అవకాశమే రాని ఆడవాళ్లు మన నవలలు చదువుతున్నారు, వాళ్ల కోసమైనా వాడు నోరు తెరవాలి అంటాను.